జాక్ కైల్ నూరేళ్ల పండగ

2026 జనవరి 10కి డాక్టర్ జాక్ కైల్ పుట్టి సరిగ్గా నూరేళ్లు. సంక్రాంతి ముగ్గుల సందడిలో ఎక్కడో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన మనిషి జయంతి మనకెందుకని అడగొచ్చు. మంచి ఆటగాళ్లకు సన్మానాలు చేస్తాం, మంచి డాక్టర్లకూ చేస్తాం. రెండు శాలువాలూ ఒకే భుజం మీద కప్పాల్సిన మనిషి మాత్రం అరుదుగా దొరుకుతాడు. దొరికాక ఆయనది ఏ ఊరైతేనేం?

రగ్బీ అనగానే మనలో చాలామందికి కోలబంతి, బురద, తోపులాట గుర్తొస్తాయి. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతోనూ ఒక జట్టు దిగింది కానీ, అది ఏడుగురి ఆట, డబ్బు చుట్టూ తిరిగే ఆట. కైల్ ఆడింది పదిహేనుమంది ఆట, పైసా రాని ఆట. 1995 దాకా రగ్బీ యూనియన్‌లో ఆడినందుకు డబ్బు పుచ్చుకోకూడదు. పుచ్చుకున్నవాడికి వెలే. అందుకే ఆనాటి ఆటగాళ్లలో గని కార్మికులూ ఉండేవారు, బడిపంతుళ్లూ, బ్యాంకు ఉద్యోగులూ, డాక్టర్లూ ఉండేవారు. శనివారం దేశం తరఫున ఆడి, సోమవారం పొద్దున్నే ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లేవారు.

కైల్ క్వీన్స్ యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతూనే 1947లో ఐర్లండ్ జట్టులోకి వచ్చారు. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. 1958 దాకా 46 మ్యాచ్‌లు ఆడారు, ఫ్లై-హాఫ్‌గా. ఆ స్థానం సంగతి కొంచెం చెప్పాలి. స్క్రమ్‌లో ఎనిమిదేసి మంది తలలు దూర్చి నెట్టుకుంటుంటే, వాళ్ల కాళ్ల మధ్యనుంచి వచ్చిన బంతిని స్క్రమ్-హాఫ్ తీసి విసిరేది ఫ్లై-హాఫ్‌కే. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. కాబట్టి తన్నాలా, పక్కవాడికి అందించాలా, తానే పరిగెత్తాలా అన్నది మీదికి దూసుకొచ్చేవాళ్లను చూస్తూనే తేల్చుకోవాలి. కైల్ చాలాసేపు ఏమీ పట్టనట్టే కనిపించేవారట. కబడ్డీలో కూతకొచ్చినవాడు గీత దగ్గర తచ్చాడుతూ ఉన్నట్టుండి సందు చూసి చొచ్చుకుపోతాడే, అలాంటి ఆట. 1953లో బెల్‌ఫాస్ట్‌లోని రేవెన్‌హిల్ మైదానంలో ఫ్రాన్స్ మీద ఆయన చేసిన ట్రై (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు తాకించడం) చూసిన ఓ విలేకరి, ‘స్కార్లెట్ పింపర్నెల్’ నవలలోని పద్యానికి పేరడీ కట్టాడు. ఎంత వెతికినా దొరకని ఆ కథానాయకుడి స్థానంలో కైల్‌ని నిలబెట్టాడు.

అసలు పండగ మాత్రం 1948. ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ నాలుగింటినీ ఒకే సీజన్‌లో ఓడిస్తే గ్రాండ్ స్లామ్. ఐర్లండ్‌కు అంతవరకూ అది దక్కలేదు. లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద కైల్ ఒక ట్రై చేశారు. తర్వాత ఆయనే ఇచ్చిన ఒక పాస్‌ను ఇంగ్లండ్ ఆటగాడు గెస్ట్ మధ్యలో అందుకుని ఉరికి ట్రై చేసేశాడు. చివరికి 11-10, ఒక్క పాయింటుతో బయటపడ్డారు. అభినందన వ్యాసంలో ఆ పాస్ సంగతి ఎందుకంటారేమో. అది జరిగాక కూడా బంతి ఆయన చేతికే వచ్చింది, డబ్లిన్‌లో స్కాట్లాండ్ మీద ఆయనే మళ్లీ ట్రై చేశారు. మార్చి 13న రేవెన్‌హిల్‌లో వేల్స్‌ని 6-3తో ఓడించారు. గెలుపు ట్రై చేసిన జాక్ డేలీ ఒంటిమీది జెర్సీని అభిమానులు గుర్తుగా చింపి పంచుకున్నారు. ఆ డేలీయే తర్వాత హడర్స్‌ఫీల్డ్ క్లబ్‌తో డబ్బు ఒప్పందం చేసుకుని, ఆడినందుకు డబ్బిచ్చే వేరే తరహా రగ్బీ అయిన రగ్బీ లీగ్‌కు వెళ్లాడు. వెళ్లినవాడికి యూనియన్ తలుపులు మూసుకుపోయాయి. డేలీని తప్పుపట్టాలని నాకు లేదు. ఇల్లు గడవాల్సిన మనిషి డబ్బు తీసుకుంటే శిక్షించిన నియమంలోనే పెద్దింటి పొగరు కొంత ఉంది. డాక్టరు కాబోతున్న కైల్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఆ జట్టు కూర్పు ఇంకో ముచ్చట. దేశం రెండుగా చీలినా రగ్బీకి మాత్రం ఉత్తరం, దక్షిణం కలిసి ఒకే జట్టు. దక్షిణ ఐర్లండ్ రిపబ్లిక్ చట్టం చేసుకున్నది కూడా 1948 చివర్లోనే. కెప్టెన్ కార్ల్ ముల్లెన్ దక్షిణంవాడు, ఆయనా వైద్య వృత్తివాడే. ఆ తర్వాత జట్టులోకి వచ్చి సెంటర్‌గా ఆడిన నోయెల్ హెండర్సన్ కైల్ సోదరిని పెళ్లాడారు. కొన్నేళ్లపాటు ఐర్లండ్ బంతి బావ చేతిలోంచి బావమరిది చేతిలోకి వెళ్లిందన్నమాట!

1950లో, బ్రిటన్, ఐర్లండ్‌ల మేటి ఆటగాళ్లు కలిసి ఆడే బ్రిటిష్ లయన్స్ జట్టుతో ఓడెక్కి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వెళ్లారు. నెలల తరబడి ప్రయాణం. అప్పటికింకా మెడిసిన్ పూర్తి కాలేదు. మన కాలేజీల్లో అయితే అటెండెన్స్ చాలదని ఆపేసేవారు. ఇంట్లో ఎంత గొడవయ్యేదో చెప్పనే అక్కర్లేదు. ఆరు టెస్టులూ ఆడారు. డునెడిన్‌లో 9-9తో డ్రా అయిన మొదటి టెస్టులో ట్రై చేశారు. న్యూజిలాండ్ రగ్బీ వార్షిక గ్రంథం ఆ ఏటి మేటి ఆటగాళ్లలో ఆయన పేరు చేర్చింది. పరాయి దేశం ఆటగాణ్ణి అలా మెచ్చుకోవడం వాళ్లకు సులభం కాదు. తిరుగుదారిలో జట్టు సిలోన్‌లో ఆగి అక్కడివాళ్లతోనూ ఒక మ్యాచ్ ఆడింది. మన పక్కనుంచే వెళ్లిపోయారు! మరుసటి ఏడాది, 1951లో, డాక్టరు పట్టా చేతికొచ్చింది.

ఇక్కడితో ఆపితే మామూలు క్రీడాకారుడి కథే. ఆట మానేశాక కైల్ తన పేరును పెట్టుబడిగా పెట్టలేదు. 1962 నుంచి రెండేళ్లు ఇండోనేషియాలో పనిచేశారు. 1966లో జాంబియాలోని చింగోలాకు సర్జన్‌గా వెళ్లారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లే అయింది. ఉత్తరాన కాంగో సరిహద్దుకు దగ్గర్లో రాగి గనుల ఊరు అది. అలాంటిచోట సర్జన్ అంటే ఇది నా విభాగం కాదనే వీలుండదు, తలుపు తోసుకుని ఏ కేసొచ్చినా చూడాలి. రాగి ధర పడిపోయి దేశం చితికిపోయిన రోజులు, తర్వాత ఎయిడ్స్ ఊళ్లకు ఊళ్లను కుదిపేసిన రోజులు, అన్నీ అక్కడే చూశారు. 2000లో, డెబ్బై నాలుగేళ్ల వయసులో గానీ ఇంటికి తిరిగి రాలేదు. రెండేళ్లకే ఐరిష్ రగ్బీ యూనియన్ ఆయన్ను ఆ దేశపు సర్వకాల శ్రేష్ఠ ఆటగాడిగా ప్రకటించింది.

2009 మార్చి 21న కార్డిఫ్‌లో వేల్స్‌ని 17-15తో ఓడించి ఐర్లండ్ రెండో గ్రాండ్ స్లామ్ గెలిచింది. అరవై ఒక్కేళ్ల తర్వాత! ఎనభై మూడేళ్ల కైల్ స్టాండ్స్‌లో కూర్చుని చూశారు. ఆట ముగిశాక కెప్టెన్ బ్రయన్ ఓ’డ్రిస్కల్‌తో నవ్వుతూ చేయి కలిపారు. ఆ ఒక్క సీజన్‌తో ఓ’డ్రిస్కల్ తరంవాళ్లు సంపాదించింది 1948 జట్టు మొత్తం జీవితంలో ఆటమీద చూసి ఉండదు. కైల్ ముఖంలో ఆ లెక్కేమీ కనిపించలేదు. 2014 నవంబరు 28న కన్నుమూశారు.

ఈ పండగపూట బెల్‌ఫాస్ట్‌కూ డబ్లిన్‌కూ అభినందనలు అందరూ పంపుతారు. మన వాటా చింగోలాకు పంపుదాం. ఐర్లండ్ జట్టు ఆయన జీవితంలో పన్నెండు సీజన్లు తీసుకుంటే, ముప్పై నాలుగేళ్లు తీసుకున్న ఊరది. శతజయంతి శుభాకాంక్షలు, డాక్టరు గారూ!