పది లాకుల డెమో

మెకానికల్ చదివినవాళ్లకు ఎలీ విట్నీ పేరు కొత్తేం కాదు. ఒక తుపాకీ విడిభాగం మరో తుపాకీకి సరిపోయేలా చేయడం ఆయనతోనే మొదలైందని మనలో చాలామంది పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. నేనూ అలాగే రాశాను. అసలు కథ అంత సాఫీగా లేదు.

ముందు ఆ కాలపు మస్కెట్ ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. పక్కన ఇనుప పలకకు బిగించిన యంత్రాంగం ఉంటుంది. దాన్ని లాక్ అంటారు. మీరు ట్రిగ్గర్ నొక్కితే సియర్ అనే చిన్న ముక్క కదులుతుంది. దాని కొన టంబ్లర్ గాడిలోంచి జారుతుంది. అప్పటిదాకా బిగిసి ఉన్న స్ప్రింగ్ ఒక్కసారిగా వదులుతుంది. చెకుముకి రాయి ఉక్కును కొట్టి నిప్పురవ్వలు రాలుస్తుంది. ఆ సియర్ కొన అరిగితే తుపాకీ తనంతట తానే పేలొచ్చు. మరి స్పేర్? దొరకదు. పక్కవాడి తుపాకీలోంచి తీసి పెట్టినా కూర్చోదు. ఎందుకంటే ప్రతి లాకునూ పనివాడు ఆకురాయితో రాకి రాకి, దేనికి దాన్ని విడిగా సరిపెట్టేవాడు. రిపేరంటే కొత్త ముక్కను కొలిమిలో కాల్చి, కొట్టి, రాకి, మళ్లీ గట్టిపరచడమే. యుద్ధంలో వేల తుపాకులకు ఈ పని చేసేదెవరు?

విట్నీ 1765లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఓ రైతు ఇంట్లో పుట్టాడు. టీనేజ్‌లోనే తండ్రి వర్క్‌షాపులో మేకులు చేసి అమ్మాడు. కాలేజీ ఖర్చుల కోసం బడిలో పాఠాలు చెప్పాడు. యేల్‌లో చేరేసరికి 23 ఏళ్లు. (గ్యాప్ వచ్చిందని బెంగపడేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.) 1792లో డిగ్రీ అయ్యాక జార్జియా వెళ్లి, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్ తయారుచేశాడు. 1794లో పేటెంట్ వచ్చింది. ఆ యంత్రం వల్ల పత్తి సాగు విపరీతంగా పెరిగి, బానిసత్వం ఇంకా బలపడింది. విట్నీకి మాత్రం పెద్దగా మిగల్లేదు. ఊరూరా కాపీ కొట్టారు, కోర్టుల చుట్టూ తిరగడంతోనే డబ్బులైపోయాయి.

అలాంటి టైమ్‌లో, 1798లో, ఫ్రాన్స్‌తో యుద్ధం రావొచ్చన్న భయం. ప్రభుత్వానికి తుపాకులు కావాలి. విట్నీ కాంట్రాక్ట్ పట్టాడు: రెండేళ్లలో 10,000 మస్కెట్లు, 1,34,000 డాలర్లు. అప్పటికి ఆయన ఒక్క తుపాకీ చేసింది లేదు, ఫ్యాక్టరీ కూడా లేదు! న్యూ హేవెన్ దగ్గర నీటి శక్తితో నడిచే కార్ఖానా కట్టడం మొదలుపెట్టాడు. గడువు దాటింది. ఒక్క మస్కెట్ కూడా అందలేదు.

1801 జనవరిలో వాషింగ్టన్ వెళ్లాడు. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, కాబోయే అధ్యక్షుడు జెఫర్సన్ ముందు ఒకే మస్కెట్‌కు పది వేర్వేరు లాకులు స్క్రూడ్రైవర్‌తో బిగించి చూపించాడంటారు. జెఫర్సన్‌కు ఈ ఆలోచన ముందే పరిచయం. 1785లో ఫ్రాన్స్‌లో హొనొరే బ్లాంక్ వర్క్‌షాపులో చేతికందిన ముక్కలతో ఆయనే స్వయంగా లాకులు బిగించి చూశాడు. విట్నీకి గడువు పెరిగింది, డబ్బులూ వచ్చాయి.

ఇక్కడొక తేడా గమనించారా? మొత్తం లాకును మార్చడం వేరు, లాకు లోపలి సియర్‌ను మార్చడం వేరు. తర్వాతి కాలంలో చరిత్రకారులు విట్నీ మస్కెట్ల లాకులు విప్పి చూస్తే, ఒకదాని ముక్కలు మరోదానికి సరిపోలేదు. ఆకురాయి పని కనిపించింది. ఏ ముక్క ఏ లాకుదో తెలిసేలా గుర్తులూ ఉన్నాయి.

అలాగని మోసగాడని కొట్టిపారేయలేను. చివరి మస్కెట్లు 1809లో అందాయి. ఎనిమిదేళ్లకు పైగా ఆలస్యమైనా పని వదిలేయలేదు. 1812లో మరో 15,000కు ఆర్డర్ తెచ్చుకున్నాడు. నా లెక్కలో ఆయన గొప్ప మెషీనిస్టు కన్నా ఎక్కువగా గొప్ప ఒప్పించేవాడు. ప్రభుత్వం ఈ ఆలోచన మీద డబ్బు పెట్టడం మానకపోవడానికి ఆ డెమో కూడా ఒక కారణం. లోపలి భాగాల సంగతి తేల్చింది ఇతరులు, ముఖ్యంగా హార్పర్స్ ఫెర్రీలో జాన్ హాల్. 1820ల్లో ఆయన గేజ్‌లతో కొలుస్తూ, కటింగ్ మెషీన్లతో రైఫిళ్లు చేశాడు. తనిఖీకి వచ్చినవాళ్లు వాటిని విప్పి, ముక్కలన్నీ కలిపేసి తిరిగి బిగిస్తే చక్కగా కూర్చున్నాయి.

విట్నీ 1825 జనవరిలో న్యూ హేవెన్‌లో చనిపోయాడు. ఆయన తొలి మస్కెట్లలో ఒకదాని సియర్ ఈరోజు విరిగితే, ఇంకో విట్నీ మస్కెట్ దొరికినా లాభం ఉంటుందని చెప్పలేం. ఆకురాయి పట్టాల్సిందే.