యాభై డాలర్ల నోటు మీద డాక్టరు గారు

1995కి ముందే ఆస్ట్రేలియా వచ్చిన మనవాళ్లకు అప్పటి కాగితం యాభై డాలర్ల నోటు గుర్తుండే ఉంటుంది. దాని మీదున్న పెద్దమనిషి ఎవరో పట్టించుకున్నవాళ్లు మాత్రం తక్కువే. ఆయన పేరు హోవర్డ్ ఫ్లోరీ. పెన్సిలిన్ అనగానే మనకు బళ్లో నేర్పిన పేరు ఫ్లెమింగ్. 1928లో లండన్‌లో ఆ బూజును గమనించింది ఫ్లెమింగే, కాదనలేం. దాన్ని మనిషి ఒంట్లోకి ఎక్కించే మందుగా మార్చింది మాత్రం ఫ్లోరీ, ఆయన బృందం. 1945 నోబెల్ బహుమతిని ఫ్లెమింగ్, ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు.

ఆయన కథ ఇప్పుడెందుకంటే, సిడ్నీలోనూ మెల్‌బోర్న్‌లోనూ మన ఇళ్లలో తరచూ వినపడే ఒక వాదన ఉంది. అబ్బాయో అమ్మాయో బయోమెడికల్ సైన్స్ పూర్తిచేసి పీహెచ్‌డీ అంటారు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన తండ్రి అడిగే మొదటి మాట, ఆ యూనివర్సిటీ ర్యాంకు ఎంత అని. రెండోది, స్కాలర్‌షిప్ వస్తుందా అని. రెండూ అడగాల్సినవే. వందేళ్ల కిందట ఫ్లోరీకి ఇదే అవకాశం వచ్చినప్పుడు ఆయన ఇంకో ప్రశ్న కూడా వేసుకున్నాడు. తనకు రానిది ఎవరి దగ్గర దొరుకుతుంది అని.

చెప్పుల వ్యాపారి కొడుకు

ఫ్లోరీ పుట్టింది 1898 సెప్టెంబరు 24న, అడిలైడ్‌లో. తండ్రి జోసెఫ్ బూట్లు, చెప్పులు తయారుచేయించే వ్యాపారి. ఇంట్లో అందరూ అక్కలే, చివరివాడు ఇతను. అక్క హిల్డా డాక్టరు చదివింది, తమ్ముడూ ఆ దారే పట్టాడు. అతను మెడిసిన్‌లో ఉండగానే 1918లో తండ్రి గుండెపోటుతో పోయాడు. అప్పటికే వ్యాపారం దెబ్బతింది. కలిగిన ఇంట్లో పెరిగిన కుర్రాడికి ఒక్కసారిగా కాళ్ల కింద నేల కదిలింది. ఇక స్కాలర్‌షిప్ ఉంటేనే పైచదువు.

ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీ అన్నదే లేదు. ఈ దేశంలో మొదటి పీహెచ్‌డీ ఇచ్చింది మెల్‌బోర్న్ యూనివర్సిటీ, అదీ 1948లో. పరిశోధన చేయాలంటే ఓడ ఎక్కాల్సిందే. ఫ్లోరీకి 1921లో రోడ్స్ స్కాలర్‌షిప్ వచ్చింది. ప్రయాణానికి డబ్బు పెట్టలేక ఓడలో డాక్టరుగా పనిచేస్తూ ఇంగ్లండ్ వెళ్లాడు. అడిలైడ్‌లో పట్టా పుచ్చుకునే రోజుకు మనిషి ఊళ్లో లేడు. దేశం వదిలి రావడం, అమ్మనూ అక్కలనూ అక్కడ ఉంచడం, చేతిలో ఉన్న చిన్న కాగితాన్ని నమ్ముకోవడం... ఇది మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

డాక్టరై ఉండి మళ్లీ బీఏ

1922లో ఆక్స్‌ఫర్డ్ చేరాక ఆయన చేసిన పని మనలో చాలామందికి చిన్నతనంగా తోచొచ్చు. ఎంబీబీఎస్ చేతిలో ఉండి, మళ్లీ డిగ్రీ కుర్రాళ్ల మధ్య కూర్చుని ఫిజియాలజీ చదివాడు. కారణం చార్లెస్ షెరింగ్టన్. నరాల పనితీరు మీద ఆ కాలంలో అంతటి మనిషి లేడు, ఆయనకు 1932లో నోబెల్ వచ్చింది. ఆయన దగ్గర ప్రయోగం ఎలా చేయాలో నేర్చుకోవడానికి ఫ్లోరీ రెండు మెట్లు కిందికి దిగాడు. 1923లో ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు.

అక్కడే ఉండిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 1924లో షెరింగ్టన్ సలహా మీదే కేంబ్రిడ్జ్‌లో పాథాలజీకి మారాడు. అప్పటి పాథాలజీ అంటే ఎక్కువగా చచ్చిన కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూడటం. ఫ్లోరీ మాత్రం బతికున్న శరీరంలో ఏం జరుగుతుందో చూడాలనుకున్నాడు. అందుకు రసాయనం తెలిసినవాళ్లు పక్కనుండాలి. ఆ కేంబ్రిడ్జ్‌లోనే బయోకెమిస్ట్రీకి పెద్దదిక్కు గౌలండ్ హాప్‌కిన్స్ ఉన్నాడు.

1925లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఫెలోషిప్ వచ్చింది. దాంతో అమెరికా వెళ్లి అతి సన్నని రక్తనాళాల మీద పనిచేసే మెళకువలు నేర్చుకున్నాడు. ఫిలడెల్ఫియాలో ఆయన పనిచేసింది ఆల్‌ఫ్రెడ్ న్యూటన్ రిచర్డ్స్ దగ్గర. మూత్రపిండాల్లోని ఒక్కొక్క చిన్న వడపోత గొట్టంలోకీ గాజు సూది దించగలిగిన మనిషి ఆయన. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పీహెచ్‌డీ 1927లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. డిగ్రీ అక్కడిదే అయినా నేర్చుకున్నది నాలుగైదు చోట్ల.

ఇప్పటి పద్ధతి గురించి ఒక మాట. ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీకి సాధారణంగా ముందు సూపర్‌వైజర్‌ని వెతుక్కుని, ఆయనో ఆవిడో సరేనన్నాకే అప్లికేషన్ పెడతారు. మూడు, నాలుగేళ్లలో అయిపోతుంది. చాలా అమెరికన్ యూనివర్సిటీల్లో ముందు ప్రోగ్రామ్‌లో చేరి, మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిరిగి చూసి, అప్పుడు గైడ్‌ని ఎంచుకుంటారు. ఐదారేళ్లు పడుతుంది. అంటే అమెరికాలో చేరాక చూసుకునేది ఇక్కడ చేరకముందే చూసుకోవాలి. ఆ ల్యాబులో ఇప్పుడున్న విద్యార్థులతో మాట్లాడకుండా, ముందు చదివినవాళ్లు ఎక్కడ తేలారో కనుక్కోకుండా సంతకం పెట్టడం, పిల్లను చూడకుండా ముహూర్తం పెట్టుకున్నట్టే. స్కాలర్‌షిప్ విషయానికొస్తే, 2017 నుంచి ఆర్‌టీపీ పేరుతో కేంద్ర ప్రభుత్వ సాయం నడుస్తోంది. విదేశీ విద్యార్థులూ అర్హులే, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది.

పాత పరిచయాలు పనికొచ్చిన వేళ

1931లో షెఫీల్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1935లో ఆక్స్‌ఫర్డ్‌లో పాథాలజీ విభాగానికి అధిపతి. విభాగంలో బయోకెమిస్ట్ కావాల్సి వస్తే అడిగింది హాప్‌కిన్స్‌నే. ఆయన చూపించిన మనిషి ఎర్నెస్ట్ చెయిన్, హిట్లర్ వచ్చాక జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు యువకుడు. నార్మన్ హీట్లీ కూడా కేంబ్రిడ్జ్ నుంచే వచ్చాడు. పెన్సిలిన్‌కు కావాల్సిన మనుషులు అలా చేరారు.

1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన సూక్ష్మజీవులు ఎక్కించారు. నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు, నాలుగింటికి ఇవ్వలేదు. తెల్లారేసరికి మందు పడనివి నాలుగూ చచ్చిపోయాయి. యుద్ధం రోజులు, గాజు పాత్రలు దొరకవు. ఆసుపత్రిలో రోగుల మంచాల కింద పెట్టే బెడ్‌పాన్లలో కూడా బూజును పెంచారు. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు మొదలుపెట్టారు. ఒళ్లంతా చీము పట్టినవాడు కోలుకోవడం కళ్లారా చూశారు. ఇంతలో మందు అయిపోయింది. అతని మూత్రంలోంచి కూడా పెన్సిలిన్ తిరిగి తీసి ఎక్కించారు, చాల్లేదు. మార్చి 15న చనిపోయాడు. మందు పనిచేస్తుందని తెలిసి కూడా, చేతిలో లేక మనిషిని పోగొట్టుకోవడం ఎంత బాధో ఊహించుకోవచ్చు.

బాంబులు పడుతున్న ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు ముందుకు రాలేని స్థితి. పరిశోధనకు డబ్బిచ్చింది మళ్లీ రాక్‌ఫెల్లర్ ఫౌండేషనే. 1941 జూలైలో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లారు. హీట్లీ పియోరియా ల్యాబులో కూర్చున్నాడు. ఫ్లోరీ కంపెనీల చుట్టూ తిరిగాడు, పెద్దగా ఫలితం లేదు. చివరికి తలుపు తట్టింది ఫిలడెల్ఫియాలో. పాత గురువు రిచర్డ్స్ అప్పటికి అమెరికా ప్రభుత్వ యుద్ధకాల వైద్య పరిశోధన కమిటీకి అధ్యక్షుడు! పదిహేనేళ్ల కిందట తన ల్యాబులో పనిచేసిన కుర్రాడి మాట మీద ఆయనకు నమ్మకం ఉంది. అక్టోబరుకల్లా మెర్క్, స్క్విబ్, ఫైజర్, లెడర్లీ కంపెనీలను పిలిచి కూర్చోబెట్టాడు.

లెడర్లీ పేరు వినగానే మనవాళ్లకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావాలి. భీమవరంలో పుట్టిన ఆయన 1940 నుంచి ఆ కంపెనీలోనే ఉన్నారు. ఆయన దారి ఇంకా ముళ్లది. మద్రాసులో మెడిసిన్ చదివి, బోస్టన్ చేరి, బతకడానికి ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ, హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తెచ్చుకునేసరికి 1930 వచ్చింది. ఫ్లోరీకి రోడ్స్ దొరికింది, సుబ్బారావుకి అలాంటిదేమీ దొరకలేదు. ఈ తేడా చెప్పకపోతే కథ సగమే.

ఇంటి సంగతి

ఫ్లోరీ వ్యక్తిగత జీవితం అంత సాఫీగా లేదు. అడిలైడ్‌లో తోటి మెడిసిన్ విద్యార్థిని ఎథెల్ రీడ్‌తో ప్రేమ నాలుగేళ్లు ఉత్తరాల మీదే నడిచింది. 1926లో ఆమె ఇంగ్లండ్ వచ్చాక పెళ్లి. ఉత్తరాల్లో తెలిసిన మనిషి వేరు, ఇంట్లో మనిషి వేరు. ఆమెకు చెవుడు, అనారోగ్యం. ఆయనకు ల్యాబే లోకం, మాట కటువు. కాపురం కలిసి రాలేదు. అయినా పెన్సిలిన్‌ను రోగులకిచ్చి పరీక్షించడంలో ఎథెల్ చేసిన పని పెద్దది. ఆ పని గురించి పెద్దగా ఎవరూ చెప్పుకోరు.

1944లో ఆయన ఆస్ట్రేలియా వచ్చినప్పుడు ప్రధాని జాన్ కర్టిన్‌కు చెప్పిన సంగతి ఒకటుంది. తనలాంటి కుర్రాళ్లు పరిశోధన కోసం ఓడ ఎక్కాల్సిన అవసరం లేకుండా, ఇక్కడే ఒక వైద్య పరిశోధన సంస్థ ఉండాలని. 1946లో కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ చట్టం వచ్చింది. అందులో పెట్టిన వైద్య పరిశోధన స్కూలుకు కర్టిన్ పేరే పెట్టారు. ఏళ్ల తరబడి ఫ్లోరీ ఆక్స్‌ఫర్డ్ నుంచే దానికి సలహాలిచ్చాడు, మనుషులను వెతికాడు. డైరెక్టరుగా వచ్చి కూర్చోమంటే మాత్రం రాలేదు. మంచి ల్యాబు వదిలి రావడానికి మనసొప్పలేదో, అలవాటైన ఊరు వదల్లేకపోయాడో. మనలో ఎంతమందికి ఈ మెలిక తెలీదు?

1958 మార్చిలో ఆ భవనాన్ని ప్రారంభించడానికి వచ్చాడు. 1965లో ఆ యూనివర్సిటీకి ఛాన్సలర్ అయ్యాడు, అదీ ఇంగ్లండ్‌లో ఉంటూనే. 1968 ఫిబ్రవరి 21న ఆక్స్‌ఫర్డ్‌లో పోయాడు. ఇప్పుడు కాన్‌బెర్రాలో ఒక సబర్బ్ పేరు ఫ్లోరీ. ఆయన అడిగి పెట్టించిన ఆ స్కూల్లో ఇప్పుడు వేరే దేశాల నుంచి వచ్చిన పిల్లలు కూడా పీహెచ్‌డీ చేస్తున్నారు.