రోగం రాకముందే తలుపు తట్టిన డాక్టరమ్మ

నూట పాతికేళ్ల కిందట న్యూయార్క్‌లో ఎండాకాలం వచ్చిందంటే పేదల ఇళ్లలో చంటిపిల్లలు రాలిపోయేవారు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. ఓఆర్ఎస్ లేదు. ఇప్పుడు మనం పిల్లలకు వేయించే టీకాల్లో చాలావరకు లేవు. అయినా ఆ నగరంలో పదిహేనేళ్లలోనే శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ మార్పుకు నడుం కట్టినవారు డాక్టర్ సారా జోసెఫిన్ బేకర్. ఆమె కొత్త మందేమీ కనిపెట్టి తేలేదు. బిడ్డ జబ్బుపడకముందే ఆ ఇంటికి ఒక నర్సును పంపారు, పైసా తీసుకోకుండా.

టైఫాయిడ్ మార్చిన దారి

బేకర్ 1873 నవంబరు 15న న్యూయార్క్ రాష్ట్రంలోని పూకీప్సీ పట్టణంలో పుట్టారు. కలిగిన కుటుంబం. తండ్రి లాయరు. తల్లి ఆ ఊళ్లోని వాసర్ మహిళా కళాశాలలో చదివిన తొలితరం అమ్మాయిల్లో ఒకరు. కూతురినీ అక్కడే చదివించాలనుకున్నారు. ఆమెకు పదహారేళ్లప్పుడు ఇంట్లో వరసగా రెండు చావులు జరిగాయి. సోదరుడు పోయిన దుఃఖం తీరకముందే తండ్రి టైఫాయిడ్‌తో చనిపోయారు. తల్లిని, సోదరిని పోషించాల్సిన బరువు ఆమె మీద పడింది. డాక్టరు చదువుతానంటే బంధువులు వద్దన్నారు. ఆమె పట్టు విడవలేదు.

న్యూయార్క్‌లో ఆడవాళ్ల కోసమే నడిచే వైద్య కళాశాలలో చేరి 1898లో పట్టా పుచ్చుకున్నారు. చదువులో ముందుండే బేకర్ ఒక్క సబ్జెక్టులో తప్పారు. అది ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గురించిన పాఠం. జబ్బుల గురించి కాకుండా మామూలు బిడ్డ ఎలా పెరుగుతుందో చదవడమేమిటని దాన్ని తేలిగ్గా తీసుకున్నారు. మళ్లీ చదవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ విషయమే ఆమెను పట్టేసింది. తర్వాతి జీవితమంతా దాని చుట్టూనే తిరిగింది.

హెల్స్ కిచెన్ మెట్ల మీద

స్నేహితురాలైన మరో డాక్టరుతో కలిసి న్యూయార్క్‌లో ప్రాక్టీసు పెడితే మొదటి ఏడాది వచ్చిన రాబడి 185 డాలర్లు. ఆడ డాక్టరు దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. దాంతో 1901లో నగర ఆరోగ్య శాఖలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో చేరారు. 1902 ఎండాకాలంలో ఆమెకు అప్పగించిన పేట పేరు హెల్స్ కిచెన్, అంటే నరకపు వంటిల్లు. ఇల్లిల్లూ తిరిగి జబ్బుపడిన పసిపిల్లలను వెతకడం ఆమె పని. గాలీ వెలుతురూ లేని అంతస్తుల ఇళ్లు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. ఆ వేసవిలో నగరంలో వారానికి 1,500 మంది పసిపిల్లలు విరేచనాలతో చనిపోయేవారని ఆమె తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఇంతమంది పిల్లలు ఎందుకు పోయేవారు? తల్లిపాలు పట్టని బిడ్డకు దుకాణంలో దొరికే ఆవుపాలే దిక్కు. ఆ పాలు మూతలేని క్యాన్లలో, ఎండలో, ఈగల మధ్య వచ్చేవి. పేదల ఇళ్లలో వాటిని చల్లగా ఉంచే వీలు లేదు. సూక్ష్మక్రిములు పెరిగిన పాలు తాగిన బిడ్డకు విరేచనాలు పట్టుకునేవి. ఒంట్లో నీరు, లవణాలు పోయి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వచ్చేది. దీనికితోడు గాలి తగిలితే జలుబు చేస్తుందని కిటికీలు మూసేసి, ఎండాకాలంలోనూ బిడ్డను మందపాటి గుడ్డల్లో చుట్టేవారు.

ఆ మెట్లు ఎక్కి దిగుతూ బేకర్ గ్రహించింది ఒకటే. తాను చేరేసరికి ఆలస్యమైపోతోంది. కళ్లు గుంటలుపడి, ఒళ్లు వడిలిన బిడ్డకు అప్పటి వైద్యం చేయగలిగింది చాలా తక్కువ. ఎండాకాలంలో పిల్లలు పోవడం మామూలేనని తల్లులు అలవాటుపడిపోయారు. జబ్బుపడిన బిడ్డ కోసం వెతకడం మానేసి, జబ్బుపడని బిడ్డ దగ్గరికి వెళ్లాలని ఆమెకు అక్కడ తట్టింది.

వంటమనిషి మేరీ

1907లో బేకర్ పేరు మరో సంఘటనతో ముడిపడింది. మేరీ మాలన్ అనే వంటమనిషి పనిచేసిన ఇళ్లలో టైఫాయిడ్ వస్తోందని తేలింది. మేరీకి మాత్రం ఏ జబ్బూ కనపడదు. పరీక్షకు నమూనాలివ్వమంటే ఆమె ఒప్పుకోలేదు. పోలీసులతో వెళ్లిన బేకర్ గంటల తరబడి వెతికితే, దాక్కున్న మేరీ చివరికి దొరికింది. పెనుగులాడుతున్న ఆమెను అదుపు చేయడానికి ఆసుపత్రికి చేరేదాకా అంబులెన్సులో బేకర్ ఆమె మీద కూర్చోవాల్సి వచ్చింది. ఒంట్లో క్రిములున్నా జబ్బు లక్షణాలు లేని క్యారియర్లు ఉంటారని జనానికి బాగా తెలిసింది ఈ కేసుతోనే. టైఫాయిడ్‌తో తండ్రిని పోగొట్టుకున్న డాక్టరుకు ఈ పని పడటం యాదృచ్ఛికమే. కానీ పోలీసులను వెంటబెట్టుకుని వెళ్లే పద్ధతి ఆమెది కాదు. నచ్చజెప్పి మార్చడమే ఆమె దారి. మరుసటి ఏడాదే ఆ అవకాశం వచ్చింది.

1908: ముప్ఫై మంది నర్సులు

1908 ఎండాకాలంలో లోయర్ ఈస్ట్ సైడ్‌లో వలస కుటుంబాలు కిక్కిరిసి ఉండే ఒక ప్రాంతాన్ని బేకర్ ప్రయోగం కోసం ఎంచుకున్నారు. బళ్లకు సెలవులు కాబట్టి స్కూలు నర్సులు ఖాళీగా ఉన్నారు. వాళ్లలో 30 మందిని తీసుకున్నారు. జనన నమోదు కార్యాలయం నుంచి అప్పుడే పుట్టిన పిల్లల పేర్లు, చిరునామాలు తెప్పించుకున్నారు. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే నర్సు ఆ ఇంటి తలుపు తట్టేది.

నర్సులు చెప్పినవి చాలా చిన్న విషయాలు. తల్లిపాలే పట్టండి. కిటికీలు తెరవండి. రోజూ స్నానం చేయించండి. పల్చటి బట్టలు వేయండి. వీలైతే పార్కులో కాసేపు తిప్పండి. ఆ వేసవి ముగిసి లెక్క తీస్తే, ఆ ఒక్క ప్రాంతంలోనే అంతకుముందు ఏడాది వేసవి కంటే 1,200 మరణాలు తగ్గాయి. నగరంలో మిగతా చోట్ల అంత తేడా లేదు.

ఆ ఫలితం చూసి ఆరోగ్య శాఖ పిల్లల ఆరోగ్యానికే ప్రత్యేక విభాగం పెట్టి బేకర్‌ను అధిపతిని చేసింది. ఆమె కింద పనిచేయాల్సిన ఆరుగురు మగ డాక్టర్లు ఆడమనిషి కింద పనిచేయలేమని రాజీనామాలిచ్చారు. ఒక్క నెల చేసి చూడండి, అప్పటికీ నచ్చకపోతే వెళ్లండి అన్నారు బేకర్. నెల తర్వాత ఒక్కరూ వెళ్లలేదు.

మైనంలో మందు, అక్కలకు పాఠం

అప్పట్లో కొందరు పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే చూపు పోగొట్టుకునేవారు. తల్లికి గనేరియా ఉంటే కాన్పు సమయంలో ఆ క్రిములు బిడ్డ కళ్లలోకి చేరేవి. పుట్టగానే సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే దీన్ని ఆపవచ్చని 1880 నుంచే వైద్యులకు తెలుసు. చిక్కంతా సీసాతో వచ్చింది. మూత తీస్తూ పెడుతూ ఉంటే మందు కలుషితమయ్యేది, లేదా నీరు ఆవిరై గాఢమై కళ్లకే హాని చేసేది. బేకర్ తేనెమైనంతో చిన్న గొట్టాలు చేయించి, ఒక్కో దాంట్లో ఒక కంటికి సరిపడా మందు నింపించారు. వాటిని మంత్రసానులకు పంచారు. ఏడాదికి 300 దాకా ఉండే అంధత్వ కేసులు రెండేళ్లలో మూడుకు దిగాయి.

మంత్రసానులను తరిమేయాలని చాలామంది డాక్టర్లు అన్నప్పుడు కూడా ఆమె వేరే దారి ఎంచుకున్నారు. వలస వచ్చిన తల్లులు నమ్మేది మంత్రసానినే. ఆమెను పక్కనపెడితే ఆ ఇంటి తలుపే మూసుకుపోతుంది. అందుకే వాళ్లకు శిక్షణ ఇప్పించి, లైసెన్సు తప్పనిసరి చేయించారు.

తల్లులు పనికి వెళ్తే ఇంట్లో చంటిబిడ్డను ఎత్తుకునేది పదీ పన్నెండేళ్ల అక్క. ఆ పిల్లల కోసం బళ్లలోనే చిట్టి తల్లుల సంఘాలు పెట్టారు. బిడ్డకు స్నానం ఎలా చేయించాలి, పాలు ఎలా పట్టాలి అని నేర్పారు. ఇంగ్లీషు రాని తల్లికి ఆ కూతురే ఇంట్లో ఆరోగ్య కార్యకర్త అయింది. తల్లిపాలు అందని బిడ్డల కోసం నగరం శుభ్రమైన పాల కేంద్రాలు నడిపింది. అక్కడ పాలతోపాటు బిడ్డ బరువు చూసి సలహా కూడా ఇచ్చేవారు.

డాక్టర్ల అర్జీ

ఇంత మేలు జరుగుతుంటే ఎవరికి కంటగింపు? బ్రూక్లిన్‌లోని కొందరు డాక్టర్లు మేయరుకు అర్జీ పెట్టారు. ఈ విభాగం పిల్లలను జబ్బుపడనివ్వడం లేదని, తమ ప్రాక్టీసు దెబ్బతింటోందని, దాన్ని మూసేయాలని కోరారు. బేకర్ దాన్ని తన పనికి దక్కిన మెచ్చుకోలుగానే తీసుకున్నారు. కానీ ఇందులో నవ్వి వదిలేయలేని నిజం ఒకటుంది. జబ్బుకు డబ్బు కట్టే పద్ధతిలో, జబ్బు రాకుండా ఆపిన మనిషికి జీతమిచ్చేవాళ్లుండరు. ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే మాలాంటివాళ్లకు ఇది రోజూ కనిపించే విషయమే.

మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగినప్పుడు, కందకాల్లోని సైనికుల కంటే ఉయ్యాల్లోని పసివాళ్లకే చావు ముప్పు ఎక్కువని ఆమె లెక్కలతో పత్రికలకు చెప్పి దేశాన్ని కదిలించారు. ఆ రోజుల్లోనే న్యూయార్క్ యూనివర్సిటీ పాఠాలు చెప్పమని పిలిచింది. అక్కడి ప్రజారోగ్య డిగ్రీ కోర్సులో తనకూ సీటిస్తేనే చెబుతానన్నారు. ఆడవాళ్లకు ప్రవేశం లేదన్న సంస్థ చివరికి దిగొచ్చింది. 1917లో ఆమె అక్కడ డాక్టరేట్ అందుకున్నారు.

1908 ప్రాంతంలో న్యూయార్క్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 144 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. బేకర్ పదవీ విరమణ చేసిన 1923 నాటికి అది సుమారు 66కి తగ్గింది. శుభ్రమైన పాలు, నీరు, మెరుగైన ఇళ్లకూ అందులో వాటా ఉంది. కానీ ఆ మార్పును ఇంటి గుమ్మం దాకా చేర్చింది ఆమె నర్సులే. 1939లో ఆత్మకథ ప్రచురించిన బేకర్ 1945 ఫిబ్రవరి 22న క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆ తర్వాత అమెరికా

ఒక నగరంలో గెలిచిన ఆలోచన దేశమంతటా అంత తేలిగ్గా నిలవలేదు. తల్లీబిడ్డల ఆరోగ్యానికి రాష్ట్రాలకు కేంద్ర నిధులిచ్చే చట్టం 1921లో వచ్చింది. డాక్టర్ల సంఘం గట్టిగా వ్యతిరేకించడంతో అది 1929లో ఆగిపోయింది. 1935 సామాజిక భద్రతా చట్టంతో ఆ నిధులు మళ్లీ మొదలయ్యాయి. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. 2010 చట్టం తర్వాత చాలా బీమా పాలసీల్లో టీకాలు, పిల్లల ఆరోగ్య పరీక్షలు, కొన్ని క్యాన్సర్ స్క్రీనింగ్‌లు రోగి చేతి ఖర్చు లేకుండా అందాలన్న నియమం వచ్చింది. అయినా బీమా లేని వాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. డబ్బు లేక వైద్యం వాయిదా వేసుకునేవాళ్లూ ఉన్నారు.

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న కుటుంబాలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనవడు బాగానే ఉన్నాడు కదా, చెకప్ ఎందుకని మానిపించకండి. బిడ్డ బాగున్నప్పుడు చూపించుకునే ఆ చెకప్‌లే బేకర్ ఆలోచనకు వారసులు.

మన ఇంటికి నాలుగు మాటలు

* పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. ఎండాకాలంలోనూ నీళ్లు పట్టనక్కర్లేదు.

* విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్ఎస్ పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. డాక్టరు చెప్పినన్ని రోజులూ జింక్ వాడాలి. బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోతున్నా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* వేసవిలో బిడ్డను మందపాటి గుడ్డల్లో చుట్టకండి. గదిలోకి గాలి రానివ్వండి.

* మన దగ్గర కాన్పు తర్వాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త పలుమార్లు ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలన్నది పథకం. చదువుకున్నవాళ్లం, మాకెందుకులే అని ఆమెను గుమ్మంలోంచే పంపేయకండి. బిడ్డ బరువు, పాలు తాగే తీరు, బొడ్డు ఆమె చూస్తుంది. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఆమె చెప్పేది వినండి.