కప్పలకు లాగులు తొడిగిన పంతులు: స్పల్లాంజాని కథ, మన ఎనుము చూడి

రైతు సోదరులకు, ముఖ్యంగా ఎర్రగుంట్ల చుట్టుపక్కల పాడినీ గొర్రెలనూ నమ్ముకున్నవాళ్లకు ఈ వ్యాసం. రెండు మూడుసార్లు సూది వేయించినా ఎనుము తిరగపొర్లుతూనే ఉంటే మీరేం చేస్తారు? చాలామంది ఎనుమునే తప్పుపట్టి, సంతకు తోలి, వచ్చిన కాడికి అమ్ముకుంటారు. మందలో ఈతలు తగ్గితే గొర్రెలను మారుస్తారు. పొట్టేలు మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు. వీర్యంలో పనిచేసేదేది, పనిచేయనిదేది అని వేరుచేసి చూసే పద్ధతికి 250 ఏళ్ల కిందట ఇటలీలో ఒక పంతులు బాట వేశాడు. ఆయన కథ తెలిస్తే సూది పని ఎక్కడ చెడుతుందో మీకు సులువుగా అర్థమవుతుంది. నేను వ్యవసాయ శాఖ వాడిని. మందుల సంగతి పశువైద్యుడిని అడగండి, కథ మాత్రం నన్ను చెప్పనివ్వండి.

ఆయన పేరు లాజరో స్పల్లాంజాని. 1729లో ఉత్తర ఇటలీలోని స్కాండియానో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి వకీలు. కొడుకునూ వకీలునే చేయాలని బొలోన్యా విశ్వవిద్యాలయానికి పంపాడు. అక్కడ దగ్గరి బంధువు లారా బస్సీ భౌతికశాస్త్రం బోధించేది. ఆడవాళ్లు కాలేజీ గడప తొక్కడమే అరుదైన రోజుల్లో ఆమె ప్రొఫెసరు. ఆమె సావాసంతో కుర్రవాడి మనసు చట్టం నుంచి ప్రకృతి శాస్త్రానికి మళ్లింది. తర్వాత ఆయన చర్చిలో ఫాదరీ అయ్యాడు. అటు పూజ, ఇటు పాఠం, మిగిలిన సమయమంతా ప్రయోగం. 1769లో పావియా విశ్వవిద్యాలయంలో చేరి, చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు.

ఆయనకు మొదట పేరు తెచ్చింది మాంసం రసం. పురుగులు, సూక్ష్మజీవులు కుళ్లులోంచి వాటంతటవే పుడతాయని అప్పట్లో పెద్ద పెద్ద పండితులే నమ్మేవారు. ఈయన రసాన్ని గాజు బుడ్డీలలో పోసి, మూతిని మంట మీద కరిగించి మూసేసి, సుమారు గంటసేపు కాచాడు. లోపల ఏమీ పుట్టలేదు. 1765లో ఆ ఫలితాలు అచ్చువేశాడు. నమ్మకం ఎంత పాతదైనా సరే, విడదీసి పరీక్ష పెట్టి చూడడం ఆయన పద్ధతి. అన్నం ఎలా అరుగుతుందో చూడడానికి గుడ్డ సంచుల్లో రొట్టె, మాంసం కట్టి తానే మింగినవాడు.

ఇక మన విషయం. మగ వీర్యంలో తోకలున్న సన్నని జీవాలు కదులుతున్నాయని 1677లోనే హాలండ్ దేశపు బట్టల వ్యాపారి లీవెన్‌హాక్ తాను చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూశాడు. కానీ అవి దేనికి పనికొస్తాయో వందేళ్లయినా తేలలేదు. వీర్యం తగలనక్కర్లేదు, దాని ఆవిరి సోకితే చాలు గర్భం నిలుస్తుందని కొందరు వాదించేవారు. అవి వీర్యంలో బతికే పురుగులు, అంతకు మించి ఏమీ లేదని మరికొందరు అనేవారు.

స్పల్లాంజాని కప్పలను పట్టుకున్నాడు. ఆడకప్ప నీళ్లలో గుడ్లు పెడుతుంటే మగకప్ప పైనుంచి పట్టుకుని వాటి మీద వీర్యం వదులుతుంది. మన గుంటల్లో వానాకాలం మీరు చూసేదే. ఈయన మగకప్పలకు బిగుతుగా పట్టుగుడ్డ లాగులు కుట్టి తొడిగాడు. నవ్వకండి. అంతకుముందు రియోమర్ అనే ఫ్రెంచి పండితుడు ఇదే ప్రయత్నించి ఏమీ తేల్చలేకపోయాడు. ఈయన తేల్చాడు. లాగు తొడిగిన కప్ప జతకట్టినా గుడ్లు కుళ్లిపోయాయి. లాగులో పడిన చుక్కలను తీసి గుడ్ల మీద వేస్తే తలకప్పలు పుట్టాయి. ఆవిరి వాదానికీ పరీక్ష పెట్టాడు. రెండు చిన్న గాజుపలకలు ఎదురెదురుగా పెట్టి ఒకదానిలో వీర్యం, ఇంకోదానిలో గుడ్లు ఉంచాడు. ఆవిరి తగిలిందే గానీ గుడ్లు ఎదగలేదు. అదే వీర్యం తాకించగానే ఎదిగాయి.

ఆ తర్వాత చేసిన పని నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్పది. కప్ప వీర్యాన్ని వడగట్టే కాగితంలోంచి, పొర మీద పొర వేసి వడపోశాడు. పొరలు పెరిగేకొద్దీ కిందికి దిగిన నీటికి సత్తువ తగ్గిపోయింది. చివరికి ఆ నీటితో ఒక్క గుడ్డూ ఎదగలేదు. కాగితం మీద మిగిలిన మడ్డిని మంచినీళ్లలో కడిగి ఆ నీళ్లు గుడ్ల మీద వేస్తే తలకప్పలు వచ్చాయి. అంటే పనిచేసేది కాగితం పట్టి ఉంచినదే, ద్రవం కాదు. జవాబు ఆయన చేతిలోని కాగితం మీదే ఉంది. అయినా ఆయన ఒప్పుకోలేదు! పిల్లజీవి ముందే గుడ్డులో తయారై ఉంటుందని, వీర్యద్రవం దాన్ని లేపుతుందని ఆయన గట్టి నమ్మకం. ఒకసారి తోకజీవాలు కనబడని వీర్యంతో కూడా గుడ్లు ఎదిగినట్టు తోచడంతో ఆ నమ్మకం మరింత గట్టిపడింది. ఎన్నో పాత నమ్మకాలను పడగొట్టినవాడు తన నమ్మకం దగ్గర ఆగిపోయాడు. 1824లో జెనీవాలో ప్రెవో, డ్యూమా అనే ఇద్దరు ఇదే వడపోత మళ్లీ చేసి, పనిచేసేది కదిలే కణాలేనని తేల్చారు.

మీకు బాగా దగ్గరయ్యే ప్రయోగం కుక్కతో చేశాడు. ఒక ఆడకుక్కను విడిగా గదిలో కట్టి, ఎదకు వచ్చాక మగకుక్క వీర్యాన్ని ఒంటి వేడికి తగ్గకుండా వెచ్చచేసిన పిచికారితో లోపలికి ఎక్కించాడు. 62 రోజులకు మూడు పిల్లలు పుట్టాయి, తల్లి పోలికా తండ్రి పోలికా రెండూ ఉన్నాయి. ఇది 1780 ప్రాంతపు మాట. ఈరోజు గోపాలమిత్ర మీ ఇంటికొచ్చి వేసే సూదికి మూలం ఇదే. మన దేశంలో 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీలో సంపత్ కుమారన్ దీన్ని ఆవుల మీద మొదటిసారి చేశారు. మంచులో చల్లబరిస్తే వీర్యకణాల కదలిక ఆగిపోతుందని, మళ్లీ వెచ్చచేస్తే కదులుతాయని కూడా స్పల్లాంజాని రాసిపెట్టాడు. మన నంద్యాల, విశాఖపట్నం ఘనీకృత వీర్య కేంద్రాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో స్ట్రాలు దాచేది ఆ గుణం ఆధారంగానే.

ఆయన చివరి రోజులు అంత హాయిగా గడవలేదు. 1785లో కాన్‌స్టాంటినోపుల్ యాత్రకు వెళ్లినప్పుడు, మ్యూజియం వస్తువులు దొంగిలించాడని సహోద్యోగులు కొందరు ఫిర్యాదు చేశారు. విచారణలో నిర్దోషి అని తేలింది. తర్వాత గబ్బిలాలు కళ్లు లేకపోయినా చీకట్లో దేనికీ తగలకుండా ఎగరడం గమనించాడు. 1799లో మూత్రాశయ జబ్బుతో పోయాడు. ఆ మూత్రాశయం పావియా మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పోయాక కూడా పరీక్షకు పనికొచ్చాడన్నమాట.

ఆ కాగితం నుంచి ఇప్పటి పరికరాల దాకా దారి ఒక్కటే. వీర్య కేంద్రంలో ఒంటి వేడికి వెచ్చచేసిన గాజుపలక మీద ఒక చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. నేరుగా ముందుకు ఈదేవి ఎన్ని, ఉన్నచోటే గిరగిర తిరిగేవి ఎన్ని అని ఇప్పుడు కంప్యూటరే లెక్కపెడుతుంది. గడ్డకట్టించి కరిగించాక కనీసం 50 శాతం కదలకపోతే ఆ స్ట్రాలు బయటికి రావు. చురుకైనవాటిని వేరుచేయాలంటే వీర్యం మీద పోషక ద్రవం పోసి వదులుతారు. బలమున్నవి పైకి ఈదుకొస్తాయి, చచ్చినవి అడుగున ఉండిపోతాయి. వెంట్రుకంత సన్నని కాలువలు చెక్కిన చిన్న బిళ్లలతో కూడా ఇదే పని చేస్తున్నారు. పెయ్యదూడ పుట్టించే కణంలో జన్యుపదార్థం సుమారు 4 శాతం ఎక్కువ. ఆ తేడా పట్టుకుని లేజరుతో విడదీసినవే మీకు అందుతున్న లింగనిర్ధారిత స్ట్రాలు. వాటితో పదింటికి తొమ్మిది పెయ్యలు వస్తాయి. అయితే వాటిలో కణాలు తక్కువ కాబట్టి ఎద సమయం తప్పితే డబ్బు దండగ.

కేంద్రంలో అంత జాగ్రత్తగా పరీక్షించిన స్ట్రా మీ కొట్టం దగ్గర చెడిపోవడానికి ఒక్క నిమిషం చాలు. సూది వేసే మనిషి స్ట్రాను 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో 30 సెకన్లు ఉంచి కరిగిస్తున్నాడో లేదో చూడండి. చేతిలో నలిపి, జేబులో పెట్టి కరిగిస్తే వద్దనండి. కరిగించాక పావుగంటలో వేసేయాలి, మళ్లీ గడ్డకట్టించడం కుదరదు. స్ట్రా మీద ఆంబోతు నంబరు అచ్చువేసి ఉంటుంది, రాసిపెట్టుకోండి. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వేయించాలి. ఎండాకాలంలో ఎనుము ఎద మూగగా ఉంటుంది, అరవదు. రాత్రీ తెల్లవారుజామునా గమనించాలి.

గొర్రెల వాళ్లు జత కాలానికి రెండు నెలల ముందే పొట్టేలును డాక్టరుకు చూపించండి. మే నెల ఎండదెబ్బ తిన్న పొట్టేలు వీర్యం కోలుకోవడానికి అంత సమయం పడుతుంది. 25, 30 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు, అది పనిచేసేదైతే.

ఇంకో మాట, పశువులది కాదు. పెళ్లయి ఏడాది దాటినా పిల్లలు కలగకపోతే మన ఊళ్లలో ముందు కోడలినే ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు. మగవాడి వీర్యపరీక్ష అన్నిటికన్నా సులువైనది, ఖర్చు తక్కువైనది. 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండి ఇవ్వాలి. నమూనా ఇంటి నుంచి తీసుకెళ్తే ఒంటి వేడికి ఆనించి గంటలోపు ల్యాబుకు చేర్చాలి. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరుకో కడపకో వెళ్లేవాళ్లు ల్యాబులోనే ఇవ్వడం మేలు.