నిద్రించువాని యొద్ద మెలకువగా నుండినవాడు
డాక్టరు జాన్ స్నో (1813–1858)
ధ్యానమునకు: కీర్తన 121, సామెతలు 11:1

మన సంఘములో ఎవరికైనను ఆపరేషను నిర్ణయమైనదని విని చూడబోయినప్పుడు, కత్తిని గూర్చిన భయము కంటె మత్తును గూర్చిన భయమే వారిలో ఎక్కువగా నుండుట మనము చూచుచుందుము. మూసిన కన్ను మరల తెరచుట యుండునా యని వారి దిగులు. ఆ దిగులును తేలికగా తీసివేయక, దానికి జవాబు వెదకుటలో తన బలమంతయు వెచ్చించిన యొక వైద్యుని జీవితమును ఈ నెల చదువరుల ముందుంచుచున్నాము.

జాన్ స్నో 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్కు పట్టణములో పుట్టెను. తండ్రి కూలివాడు. తొమ్మండుగురు బిడ్డలలో ఇతడే పెద్దవాడు. పదునాల్గవ యేట న్యూకాసిలులో ఒక వైద్యుని యొద్ద శిష్యుడుగా చేరెను. 1836లో లండను చేరి, కష్టపడి చదివి, 1844లో ఎం.డి. పట్టము పొందెను. పెండ్లి చేసికొనలేదు, పనియే ఆయన సంసారము.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను ఆసుపత్రిలో మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు పీల్పించి, నొప్పి తెలియకుండ ఆపరేషను జరుగునట్లు చేసెను. ఇంచుమించు రెండు నెలలలో ఆ వార్త లండను చేరెను. అయితే కొందరికి మత్తు ఎక్కనే లేదు, కొందరికి మితిమీరి ఎక్కెను. తప్పు మందులో లేదు, కొలతలో ఉన్నదని స్నో గ్రహించెను. వేడి దినమున ఈథరు ఆవిరి ఎక్కువగాను, చలి దినమున తక్కువగాను లేచును. ఎంత వేడికి ఎంత ఆవిరి లేచునో ఆయన పట్టిక వ్రాసెను. నీటి తొట్టిలో నుంచిన యొక సాధనమును చేయించి, ఆవిరి సమముగా వచ్చునట్లు ఏర్పరచెను. 1847లో ప్రచురించిన గ్రంథములో మత్తు యొక్క అయిదు మెట్లను వివరించెను.

ఆ యేడు నవంబరులో ఎడింబరో వైద్యుడైన సింప్సను క్లోరోఫారమును తెచ్చెను. దానికి సాధనమేమియు అక్కరలేదు, చేతిరుమాలు చాలునని పలువురు సంతోషించిరి. కాని 1848 జనవరి 28న న్యూకాసిలు దగ్గర హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, కొన్ని నిమిషములలో చనిపోయెను. అంతకుముందు ఆమె ఈథరు పీల్చి సుఖముగా లేచిన పిల్లయే. అందరును దిగ్భ్రమ చెందిరి. స్నో మాత్రము కారణమును వెదకెను. రుమాలుమీద పోసినప్పుడు ఆవిరి ఎంత గాఢముగా పోవుచున్నదో ఎవరికిని తెలియదు. మిక్కిలి గాఢమైన ఆవిరి గుండెనే ఆపివేయగలదు. గనుక గాలిలో నూటికి అయిదు వంతులు మించకూడదని ఆయన నిర్ణయించెను. ఇట్టి 50 మరణములను సేకరించి ఒక్కొక్కదానిని పరీక్షించెను. తానే నాలుగువేలకు పైగా రోగులకు క్లోరోఫారమిచ్చి, దినదినము లెక్క వ్రాసియుంచెను.

ప్రసవవేదన దైవనిర్ణయము గనుక దానిని తగ్గించుట తగదని ఆ దినములలో కొందరు వాదించిరి. ఆదాముకు దేవుడిచ్చిన గాఢనిద్రను ఆదికాండములో చూపి సింప్సను వారికి జవాబు చెప్పెను. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ప్రసవ సమయమున స్నో కొద్దికొద్దిగా రుమాలుమీద వేసి, 53 నిమిషములు పీల్పించెను. తరువాత ఒకామె క్లోరోఫారము పీల్చుచు, రాణి ఏమి పలికెనో చెప్పుమని పట్టుబట్టెనట. రాణివలె నింకను చాలసేపు పీల్చినయెడల అంతయు చెప్పెదనని ఆయన అనెను. ఆమె మేల్కొనులోగా వెడలిపోయెను!

1854లో లండనులో కలరా వచ్చినప్పుడు, బ్రాడ్ వీధి పంపునీళ్లే దానికి మూలమని కనుగొన్నవాడును ఈయనయే. క్లోరోఫారమును గూర్చిన పెద్ద గ్రంథమును ముగించుచుండగా పక్షవాతము వచ్చి, 1858 జూన్ 16న, 45వ యేట మరణించెను. ఆ గ్రంథము ఆ సంవత్సరమే వెలువడెను.

ఆయన తరువాత ఈ వాదము మన హైదరాబాదుకును వచ్చెను. అక్కడి వైద్యుడైన లారీ 1888లోను, 1889లోను నిజాము సహాయముతో పరీక్షలు జరిపించి, ఊపిరిని కనిపెట్టిన చాలునని గట్టిగా చెప్పెను. కాని తేలిక మత్తులో సహితము క్లోరోఫారము గుండెను హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ అను వైద్యుడు చూపెను. ఊపిరిని, నాడిని రెంటిని కనిపెట్టవలసినదే. నేడు మత్తుకు క్లోరోఫారము వాడుట లేదు. మత్తు డాక్టరు రోగి తల యొద్దనే యుండి ఊపిరిని, గుండెను, రక్తపు పోటును ఎడతెగక కనిపెట్టుచుండును.

అయితే రోగి చేయవలసిన పాలు కొంత కలదు. తినుచున్న మందులు, నాటుమందులు, పొగాకు, మద్యము, పడని వస్తువులు, కదలు పండ్లు, ఇంతకుముందు తనకుగాని రక్తసంబంధులకుగాని మత్తులో కలిగిన కష్టము—ఇవి సిగ్గుపడక మత్తు డాక్టరుతో చెప్పవలెను. ఎప్పటినుండి భోజనము, ఎప్పటినుండి నీళ్లు మానవలెనో అడిగి తెలిసికొనవలెను. పాపమని జాలిపడి కాఫీగాని, గంజిగాని రహస్యముగా త్రాగించు బంధువులు ప్రేమచేత అపాయము తెచ్చుచున్నారు. మత్తులో నుండగా కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలో దిగగలదు.

సరియైన తూకము దేవునికి ఇష్టమని సొలొమోను నేర్పెను. బీదవాని కుమారుడైన స్నో ఆ తూకమును చుక్కచుక్కలో పాటించెను. మనమును మన వైద్యునితో నిజము చెప్పుదము. ఆపరేషను బల్లమీద పండుకొను ప్రియులారా, మీరు నిద్రించునప్పుడు మీ యొద్ద మెలకువగా నుండు మనుష్యుడొకడు కలడు. వానికి పైగా, ఎన్నడును కునుకని కాపరియు కలడు.