వంకర పాదంతో బయలుదేరిన వైద్యుడు

పుట్టగానే ఏడవని బిడ్డలు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు మన విచారణలలోనూ ఉన్నారు. వారిలో చాలామంది చక్కగా ఎదుగుతారు. కొందరికి మాత్రం మెడ నిలవడం ఆలస్యమవుతుంది. కాళ్లు కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడతాయి, చేతులు బిగుసుకుపోతాయి. ఈ స్థితిని నేడు సెరిబ్రల్ పాల్సీ అంటున్నారు. ఒకప్పుడు వైద్యులు దీనిని లిటిల్ వ్యాధి అనేవారు. ఆ పేరుకు కారకుడైన విలియం జాన్ లిటిల్ జీవితం తల్లిదండ్రులందరూ తెలుసుకోదగినది.

లిటిల్ 1810 ఆగస్టు 7న లండనులో జన్మించాడు. తండ్రి ఆల్డ్‌గేట్ ప్రాంతంలో సత్రం నడిపేవాడు. రెండేళ్ల వయసులో, నేడు మనం పోలియో అనే జబ్బు సోకి ఎడమ పాదం లోపలికి వంకర తిరిగిపోయింది. తోటి పిల్లలు ఎగతాళి చేసేవారు. ఆ బాలుడు చదువులో నిలదొక్కుకుని, ఫ్రాన్సులో కొంతకాలం ఉండి ఫ్రెంచి నేర్చుకున్నాడు. తరువాత మందులు తయారుచేసే ఒక వైద్యుని వద్ద శిష్యుడుగా చేరి, 1828లో లండన్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థి అయ్యాడు. తన పాదాన్ని సరిచేసే దారి వెదకడం కూడా ఆయన చదువులో భాగమే.

మడమ వెనుక గట్టిగా తాడులా తగిలే స్నాయువు కురచబారినందువల్లనే అలాంటి పాదం పైకి లాగబడి ఉంటుంది. దానిని కోస్తే పాదం కిందికి వస్తుందని వైద్యులకు తెలుసు. అయితే ఆ రోజుల్లో మత్తుమందు లేదు, క్రిములను చంపే పద్ధతులు లేవు. కోసిన గాయం చీముపట్టి ప్రాణం మీదికి వచ్చేది. అందుకే లండను శస్త్రవైద్యులు ఆ ఆలోచన మానుకొమ్మని ఆయనకు చెప్పారు.

జర్మనీలోని హానోవర్‌లో స్ట్రోమేయర్ అనే వైద్యుడు మరో మార్గం కనుగొన్నాడు. చర్మాన్ని విప్పకుండా, సన్నని కత్తిని చిన్న రంధ్రం గుండా పోనిచ్చి, లోపలి స్నాయువును మాత్రమే తెంపేవాడు. గాయం మానిన తరువాత బద్దలు కట్టి పాదాన్ని కొద్దికొద్దిగా సరిచేసేవాడు. లిటిల్ అక్కడికి వెళ్లి, 1836లో తన పాదాన్నే ఆ కత్తికి అప్పగించాడు. పాదం నేలకు ఆనింది. ఆ కృతజ్ఞతతోనే తరువాత తన కుమారునికి స్ట్రోమేయర్ పేరు కలిపి పెట్టుకున్నాడు.

తాను బాగుపడి ఊరుకోలేదు. వంకర పాదం మీదనే బెర్లిన్‌లో పరిశోధనా వ్యాసం రాసి, 1837లో ఆ శస్త్రచికిత్సను ఇంగ్లండుకు తెచ్చాడు. ఇలాంటి రోగుల కోసమే లండనులో ఆసుపత్రి కావాలని పూనుకోగా, అది 1840లో తలుపులు తెరిచింది. అదే తరువాత రాయల్ ఆర్థోపెడిక్ ఆసుపత్రి అయింది.

అక్కడికి వచ్చే పిల్లలను చూస్తూ ఉండగా ఆయనకు ఒక సంగతి తట్టింది. కొందరి అవయవాలు బిగుసుకుపోవడానికి కారణం పాదంలో లేదు, మెదడులో ఉంది. తల్లులను ఓపికగా అడిగి ప్రతి బిడ్డ పుట్టుక వివరాలు రాసుకున్నాడు. కష్టమైన కాన్పు, నెలలు నిండని పుట్టుక, శ్వాస ఆలస్యం కావడం పదే పదే కనిపించాయి. ఇరవై ఏళ్లకు పైబడిన ఈ పరిశీలనను 1861 అక్టోబరులో లండను ప్రసూతి వైద్యుల సంఘం ముందు ఉంచాడు. ఊపిరి అందకుండా పుట్టి బాగా కోలుకున్న పిల్లలను ఎందరినో చూశామంటూ పలువురు సందేహించారు. ఎక్కువమంది కోలుకుంటారని లిటిల్ కూడా ఒప్పుకున్నాడు. కోలుకోని కొద్దిమంది గురించే ఆయన బాధ. ఆ పిల్లలలో కొందరి తెలివి ఏమాత్రం తగ్గలేదనీ, చికిత్సతో మెరుగుపడగలరనీ ఆయన గమనించాడు. మాట తడబడేవారిని మందబుద్ధులుగా లెక్కగట్టే కాలంలో అది పెద్ద మాట.

ఆయన కనుగొన్నది పూర్తి సత్యం కాదు. గర్భంలోనే మెదడు ఎదుగుదలలో వచ్చిన లోపం వల్ల కాన్పు కష్టమై ఉండవచ్చునని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వాదించాడు. అమెరికాలో వేలాది గర్భిణులను, వారి బిడ్డలను గమనించి 1986లో ప్రకటించిన అధ్యయనం కూడా, కాన్పు వేళ ఊపిరాడకపోవడం కొందరి విషయంలోనే కారణమని చూపింది.

పాఠకులారా, ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. కారణం వేరు, నేరం వేరు. బిడ్డ కాళ్లు బిగుసుకుపోతే మన ఇళ్లలో వెంటనే నేరస్థుని వెదుకుతారు. కోడలు జాగ్రత్తగా లేదంటారు, ఎవరి పాపమో అంటారు. లిటిల్ కారణాన్ని వెదికింది బిడ్డకు సాయం చేయడానికి. నేరస్థుని వెదికే ఇంట్లో తల్లి కుమిలిపోతుంది, బిడ్డకు వ్యాయామం చేయించవలసిన నెలలు వృథాగా గడిచిపోతాయి.

లిటిల్ 1894 జులైలో కెంట్ జిల్లాలో కన్నుమూశాడు. ఆయన పాదాన్ని వంచిన పోలియో నుండి మన దేశం విముక్తమైనదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. వంకర పాదంతో పుట్టిన శిశువులకు నేడు పిండికట్లు వేసి సరిచేస్తున్నారు. అందులోనూ మడమ స్నాయువును చిన్న గాటుతో తెంపడం చాలామందికి అవసరమవుతూనే ఉంది. సెరిబ్రల్ పాల్సీ పూర్తిగా నయమయ్యేది కాదు. అయినా ఫిజియోథెరపీ, బద్దలు, అవసరమైతే శస్త్రచికిత్స బిడ్డను కూర్చోబెట్టగలవు, కొందరిని నడిపించగలవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో వీరికీ చోటుంది.

కనుక మీ ఇంట్లో గానీ పొరుగింట్లో గానీ నాలుగైదు నెలలు వచ్చినా మెడ నిలపని బిడ్డ ఉంటే, ఎదురుచూడకుండా పిల్లల వైద్యునికి చూపించండి. ఆ తల్లిని నిందించే మాట వినబడితే అక్కడే ఆపండి. బిడ్డకు ఎక్సర్‌సైజులు చేయించే వేళ ఆమెకు ఒక గంట తోడుగా కూర్చోండి.