పూటకూళ్ళ ఇంటి నుంచి బారిస్టరు దాకా

కోర్టు గుమాస్తాగా ముప్పయ్యేళ్ళు ఫైళ్ళు మోసిన నాకు, నల్లకోటు వెనుక ఎంత చదువుంటుందో తెలుసు. ఈ ప్రత్యేక సంచికలో కీ.శే. టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

వారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి గోపాలకృష్ణయ్య గారు గతించారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. పరీక్ష ఫీజు మూడు రూపాయల కోసం ఆ తల్లి పట్టుచీర తాకట్టుకు వెళ్ళింది. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించారు. తరువాత మద్రాసులో లా చదివి, సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యారు.

రాజమండ్రిలో ప్రాక్టీసు బాగా సాగింది. మునిసిపల్ చైర్మన్ పదవీ దక్కింది. కానీ సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు ఆ రోజుల్లో హైకోర్టులో వాదించే అర్హత లేదు. బారిస్టరైతే ఆ తలుపు తెరుచుకుంటుంది. అందుకని ముప్పయి దాటిన వయసులో, చేతికందిన సంపాదన వదులుకుని, 1904లో ఇంగ్లండుకు ఓడెక్కారు. బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో పేరూ ధనమూ గడించారు. 1921లో అంత ప్రాక్టీసునూ దేశం కోసం వదిలేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూశారు.

నేనూ లా చదవాలనుకున్నవాడినే. ఇంటి బాధ్యతలు మీదపడి గుమాస్తాగిరీలో చేరిపోయాను. ఇప్పుడు మా మనవరాలు లాసెట్ రాస్తానంటోంది. ఇంట్లో ఇంకెవరికీ ఇష్టం లేదు. ఫీజు నా పెన్షనులోంచి కడతానని చెప్పేశాను. సుబ్బమ్మ గారి పట్టుచీర ముందు నా పెన్షను ఎంత!